వెనక గదికి కొత్త సున్నం

పోయినవారం మనం పంకజాక్షిని వెనక గదిలో, పగిలిన గోడ ముందర వదిలిపెట్టి వచ్చాం. మామ మునిరామయ్య తిరుపతిలో కట్టిన మిద్దె ఇల్లు అమ్మేసి చిత్తూరు వెళ్ళిపోవాలని ఆమె భర్త మునిరత్నం నిశ్చయించుకున్నాడు. చిత్తూరు బజారులో పాత్రల అంగడి పెట్టాలని ఆయన ఆశ. అక్క దేవకమ్మ ఉన్న వీధిలోనే కాపురం పెట్టాలని ఈమె ఆశ. ఇల్లు కొనడానికి పుత్తూరు నుంచి భారతమ్మ టీచరు వచ్చింది. చూసింది, నచ్చుకుంది, బయానా ఇచ్చింది. వెనక గది విశాలంగా ఉంది కాబట్టి అందులో చిన్నపిల్లల బడి పెట్టుకుంటానని చెప్పింది. రిజిస్ట్రేషన్ లోపు ఇల్లంతా బాగు చేయించి అప్పజెబుతానని మునిరత్నం మాట ఇచ్చాడు. తలుపులకు రంగులు పడ్డాయి, మిద్దె కారకుండా పైన గచ్చు వేశారు, దొడ్లో కొత్త పాయఖానా లేచింది. అంతా సవ్యంగా నడుస్తోందనుకుంటూ ఉండగా, మేస్త్రీ గంగాధరం సిమెంటు కూరి పైన సున్నం కొట్టిన పగులు మళ్ళీ నోరు తెరిచింది. ఎంత లోతుందో చూద్దామని పంకజాక్షి వేలు పెడితే, వేలు లోపలికి పోయింది.

వెనక్కు తీసుకుని చూసుకుంటే వేలి కొన తడిగా ఉంది.

వాన ఆగి ఆగి పడుతూనే ఉంది. బంగాళాఖాతంలో వాయుగుండమని రేడియోలో చెబుతున్నారు. వాన తడి గోడ పైనుంచి దిగాలి గానీ, ఈ తడి కింద నుంచి పైకి ఎక్కుతున్నట్టుంది. గోడ మొదట్లో సున్నం ఉబ్బి, నానిన అటుకుల్లా మెత్తబడింది. పంకజాక్షి వేలు కొంగుకు తుడుచుకుంటూ ఉండగా వెనక అడుగుల చప్పుడయింది. మునిరత్నం గడపలో నిలబడి గోడను చూస్తున్నాడు. ఆయన మొహంలో ఆశ్చర్యం లేదు. పగులును కింది నుంచి పైదాకా, పై నుంచి కిందిదాకా చూశాడు. పోయినసారికి ఇప్పటికి ఎంత పెరిగిందో కొలుచుకుంటున్నట్టు చూశాడు.

మేస్త్రీని పిలిపించాడు. పగులు చెక్కి మళ్ళీ కూరమన్నాడు. ఈసారి సున్నంతో సరిపెట్టవద్దు, గోడకు ఆనించి నిలువెత్తు చెక్క బీరువా ఒకటి బిగించమన్నాడు. పలకలూ పుస్తకాలూ పెట్టుకోవడానికి టీచరమ్మకు పనికొస్తుందట. సిమెంటు పర్మిట్టు లేనిదే దొరకని రోజులవి. ఎక్కడో బ్లాకులో కొని తెచ్చి, ఎవరి కంటా పడకుండా ఊక బస్తాల వెనక దాచిన మూట ఒకటి తనే మోసుకొచ్చి పడేశాడు. గంగాధరం ఎవరి మొహమూ చూడకుండా, అట్లే అన్నా అని ఉలి అందుకున్నాడు.

టీచరమ్మకు ఒక మాట చెప్పి, గోడ విప్పి కట్టిస్తే మేలు కదా అని పంకజాక్షి అంది. ఇల్లన్నాక పగలదా, వానాకాలం గోడలు నీరు పడితే పగుళ్ళు రావా అని ఆయన తేలిగ్గా అనేసి, గొడుగు తీసుకుని బజారుకు వెళ్ళిపోయాడు.

ఆయన వీధి మలుపు తిరిగిన కాసేపటికి గంగులమ్మ వచ్చింది.

పక్క ఇంట్లో పూర్వం కాపురమున్న మనిషి ఆమె. పంకజాక్షి ఈ ఇంటికి కోడలుగా రాకముందే కూతురి దగ్గర ఉండడానికి వడమాలపేట వెళ్ళిపోయింది. కాళహస్తిలో జరిగిన పంకజాక్షి పెళ్ళిలో అక్షింతలు వేసి పోవడమే, ఆ తర్వాత కాళ్ళనొప్పులతో ఈ వీధి తొక్కలేదు. కొండకు పోతూ, మునిరామయ్య ఇల్లు చెయ్యి మారుతుందని విని, ఒకసారి చూసిపోదామని దిగింది. తడిసిన చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని వసారాలోకి వచ్చి, తలుపులకు పడిన రంగు చూసి మురిసింది. మీ మామ ఈ వాకిలి ఎంత ఇష్టపడి చేయించుకున్నాడో అని చెప్పుకొచ్చింది.

"కూర్చోండత్తా, మజ్జిగ తెస్తా" అంది పంకజాక్షి.

"కాళ్లంతా బురద. కడుక్కోని వస్తా ఉండు మే."

ఆమెకు ఎవరూ దారి చూపనక్కర లేకపోయింది. నడవ దాటి, వంటింటి పక్కనుంచి, ఎన్నో ఏళ్ళు నడిచిన కాళ్ళు వాటంతట అవే నడిచినట్టు సూటిగా వెనక్కు పోయింది. వెనక గది గడప దగ్గర ఠక్కున ఆగింది. లోపల గంగాధరం సున్నం కలుపుతున్నాడు. గంగులమ్మ కళ్ళు చికిలించి గదిని ఆ మూల నుంచి ఈ మూలకు చూసింది.

"ఈ గది యెప్పుడు లేసింది? బాయి యాడమ్మా?"

పంకజాక్షి నవ్వింది. "బాయి మా ఇంట్లో యెప్పుడూ లేదత్తా. వీధి కొళాయి నీళ్లే మేము తాగేది."

"లేకపోవడమేంది? వీధి వీధంతా ఆ బాయి నీళ్లే తాగినాము."

ఆమె చేతికర్ర ఎత్తి గది మధ్యకు చూపింది. అక్కడే రాతి ఒర, ఇదిగో ఇక్కడ గిలక కంబం, అదిగో ఆ పక్క బట్టలుతికే బండ. ఎండాకాలంలో కూడా ఎండని బావి అట. కొండ మీద వాన పడితే చాలు, నీళ్ళు పైకి వచ్చేవట. ఆ రోజుల్లో చేద అక్కర్లేదు, వంగి చెంబుతో ముంచుకునేవాళ్ళం అని చెప్పింది. చెబుతూ చెబుతూనే కర్ర దించేసింది. గడప ఇవతల ఉన్న తన పాదాలను చూసుకుని ఒక అడుగు వెనక్కు వేసింది.

గంగాధరం సున్నం కలపడం ఆపేసి, చెక్క పని చూసుకోవాలని చెప్పి బయటికి పోయాడు.

బట్టలుతికే బండ ఇంకా ఉంది. గది గోడ బయట, కరివేపాకు చెట్టు పక్కన. పంకజాక్షి రోజూ దాని మీదనే ఉతుకుతుంది. ఉతికిన నీళ్ళు కాలువ వైపు పోకుండా గోడ వైపుకే ఎందుకు పారతాయో ఇన్నేళ్ళుగా ఆమెకు అర్థం కాలేదు. ఎన్నిసార్లు మట్టి ఎత్తి పోసినా, మళ్ళీ అటే వాలు.

గంగులమ్మ మజ్జిగ తాగింది గానీ మునుపటిలా మాట్లాడలేదు. బావిని పూడ్చాలంటే నీళ్ళు తోడించి, అడుగు నుంచి రాయి పేర్చుకుంటూ రావాలనీ, మునిరామయ్య బతికి ఉంటే అసలు పూడ్చనిచ్చేవాడే కాదనీ అంది. వాకిట్లో నిలబడి పంకజాక్షి చెయ్యి పట్టుకుంది. "పోయేవాళ్లు మీరు పోతారు. వచ్చేవాళ్లకు చెప్పండి తల్లీ" అని అలిపిరి బస్సు కోసం వెళ్ళిపోయింది.

ఇంట్లో ఎవరూ లేరు. పంకజాక్షి వంటింట్లో మూలకు ఆనించిన రోకలి తీసుకుని వెనక గదికి పోయింది. గడప దగ్గరే మోకాళ్ళ మీద కూర్చుని, నేలకు పరిచిన కడప బండను రోకలి పొన్నుతో తట్టింది. గట్టి చప్పుడే వచ్చింది. చెయ్యి చాపి ఇంకొంచెం ముందుకు తట్టింది. గట్టిగానే ఉంది. గోడ పట్టుకుని ఒక బండ దాటి, వంగి, రోకలిని చేతికందినంత దూరం చాపి మధ్య బండ మీద తట్టింది.

ఖాళీ గాదెను తట్టినట్టు పలికింది.

ఆమె అలాగే వెనక్కు వెనక్కు జరుగుతూ గడప ఇవతలికి వచ్చింది. రోకలి చేతిలోనే ఉన్న సంగతి చాలాసేపటి దాకా ఆమెకు తెలియలేదు.

మధ్యాహ్నం మునిరత్నం భోజనానికి వచ్చాడు. ఆమె పీట వేసింది, వడ్డించింది, పప్పులో నెయ్యి వేసింది. ఆయన చిత్తూరు అంగడి సంగతులు చెబుతున్నాడు. అరమరలు ఎలా కట్టించాలో, స్టీలు సామాను ముందు వరసలో పెట్టాలో ఇత్తడి పెట్టాలో చెబుతున్నాడు. పెరుగన్నం దాకా ఆగి పంకజాక్షి చెప్పింది.

"గంగులమ్మత్త వచ్చినాది."

"ఏ గంగులమ్మ?"

"పక్కింటామె. బాయి యాడ పోయిందని అడిగినాది."

అన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది. ముసలామెకు మతి చెడి ఉంటుంది, ఏ ఇంటి బావినో ఏ ఇంట్లో పెట్టి మాట్లాడుతోంది అన్నాడు. ఆ మాట ఆమె వైపు చూసి అనలేదు.

"రోకలితో తట్టి చూసినానండీ" అంది ఆమె.

మునిరత్నం విస్తట్లోనే చెయ్యి కడిగేసుకున్నాడు. లేచి వెళ్ళిపోతాడనుకుంది. వెళ్ళలేదు. గోడకు ఆనుకుని, చాలాకాలంగా మోస్తున్న మూట దించుకునేవాడిలా మెల్లగా చెప్పుకొచ్చాడు.

మునిరామయ్య పోయిన ఏడే ఈ సంబంధం కుదిరింది. ఇల్లు చూడడానికి కాళహస్తి నుంచి పంకజాక్షి నాయన వచ్చాడు. అంతా బాగుంది, పిల్లకు వేరే గది ఒకటి ఉంటే ఇంకా బాగుంటుంది అన్నాడు. ఉందని చెప్పడానికి లేదు, లేదని చెప్పడానికి నోరు రాలేదు. కట్టిస్తున్నామని మునిరత్నం చెప్పేశాడు. కట్టడానికి దొడ్డి తప్ప స్థలం లేదు, దొడ్డికి నట్టనడుమ బావి. నీళ్ళు తోడించి రాయి పేర్చుకుంటూ రావాలని పెద్దవాళ్ళు చెప్పారు. ముహూర్తం ముంచుకొస్తోంది. పాత పశువుల కొట్టం పడగొట్టి ఆ పెంకులు, ఆ మట్టి, ఆ కప్పు బోదగడ్డి అంతా అందులో తోయించాడు. వీధి చివర మిఠాయి అంగడి పొయ్యిల బూడిద బండ్ల కొద్దీ పోయించాడు. పైన మట్టి కప్పి, బండలు పరిచి, గోడలు లేపాడు. పంకజాక్షి మొదటి కాన్పుకు పుట్టింటికి పోయినప్పుడు, ఆ వానలకు నడుమ నేల జానెడు దిగిపోయింది. ఆమె తిరిగి వచ్చేలోపల ఇసక పోయించి బండలు మళ్ళీ పరిపించాడు. తర్వాత ఇంకొకసారి కూడా అట్లే దిగింది. ఎలుకలు తవ్వాయని అప్పుడు ఆమెకు చెప్పాడు.

వింటూ ఉన్న పంకజాక్షికి ఉయ్యాల గుర్తొచ్చింది. పుట్టింటి నుంచి వచ్చాక పాపకు ఉయ్యాల కట్టింది ఆ గదిలోనే. నడుమ దూలానికి. ఉయ్యాల కింద చాప వేసుకుని, పాప కదిలితే తాడు లాగడానికి వీలుగా తను పడుకునేది. వానల్లో రాత్రిళ్ళు నేల లోపల ఏదో గుడగుడమన్నట్టు వినబడితే, అది తన కడుపులో చప్పుడే అనుకుని అటు తిరిగి పడుకునేది.

"నన్ను ఆడ పండబెట్టినారు. బిడ్డను ఆడ పండబెట్టినారు" అంది.

"ఏమన్నా అయ్యిందా? కాలేదు కదా. ఇప్పుడూ ఏమీ కాదు."

"టీచరమ్మ ఆడ పసిపిల్లోళ్లను కూర్చోబెడతాదండీ."

మునిరత్నం ఆమె వైపు చూశాడు. గొంతు పెంచలేదు. "అమ్మినంక అది మన ఇల్లు కాదు పంకజా" అన్నాడు.

ఆయన చెడ్డవాడు కాదు. ఇన్నేళ్ళ కాపురంలో చెయ్యి ఎత్తలేదు, మాట తూలలేదు. జ్వరమొస్తే పక్కన కూర్చుని నుదుటికి తడిగుడ్డ వేసే మనిషి. ఆ మనిషి నోటినుంచి ఆ మాట అంత నిమ్మళంగా రావడమే ఆమెను భయపెట్టింది. ఆయన ఇంకా చెప్పాడు. భారతమ్మ ఇచ్చిన బయానానే చిత్తూరు ఇంటికి బయానాగా కట్టేశాడు. ఈ బేరం తప్పితే అదీ పోతుంది. బావి సంగతి ఒక్కసారి బయటపడితే తిరుపతిలో ఈ ఇంటి గడప తొక్కేవాడుండడు. ఇక ఆ బావి మీద ఇల్లు పెట్టుకుని మనమే చచ్చేదాకా పడి ఉండాలి.

"అక్క వీధిలో ఉండల్లని ఏళ్లుగా అడుగుతా ఉండింది నువ్వే కదా" అన్నాడు చివరకు.

ఆయన అన్నది నిజమే. గది కావాలన్నది తన నాయన. చిత్తూరు పోదామన్నది తను. ఆమె తల వంచుకుని విస్తరాకు మడిచింది. అది ఒప్పుకోలనుకున్నాడు మునిరత్నం. సాయంత్రం టీచరమ్మ వస్తుంది, నువ్వు కాఫీ ఇవ్వు చాలు, మాటలు నేను చూసుకుంటానని చెప్పి, గదిలో పని చూడడానికి లేచాడు.

గంగాధరం చెక్కుతున్న ఉలి దెబ్బలు వంటింట్లోకి వినబడుతున్నాయి. దెబ్బ దెబ్బకూ పంకజాక్షి ఉలిక్కిపడుతూనే ఉంది. కాసేపటికి బీరువా కూడా బిగించేసి గంగాధరం వెళ్ళిపోయాడు, చప్పుళ్ళు ఆగాయి. పచ్చి సున్నం వాసన ఇల్లంతా పరుచుకుంది. బయట వాన బలిసింది.

సాయంత్రానికి ముందే భారతమ్మ జట్కా వాకిట్లో ఆగింది. బండి నిండా బెంచీలు, పైన గోనెపట్టా. నడివయసు మనిషి, నుదుట బొట్టు లేదు, కళ్ళలో మాత్రం ఏదో పండుగ ఉంది. బడి తెరవడానికి మంచి రోజు దగ్గర పడిందనీ, బెంచీలు చేసిన ఆచారి ఇంట్లో కురుస్తోందంటే రిజిస్ట్రేషన్ దాకా ఆగకుండా తెచ్చేశాననీ చెప్పింది. మునిరత్నం ఎదురు వెళ్ళి, ఇల్లు మీదే కదా టీచరమ్మా అన్నాడు. జట్కావాడు బెంచీలు ఒక్కొక్కటే దించి వసారాలో పెట్టాడు. మోకాలెత్తు కూడా లేవు అవి. పిల్లల తొడలకు గీసుకోకుండా అంచులన్నీ నున్నగా చిత్రిక పట్టించింది భారతమ్మ. ఒక బెంచీ మీద అరచెయ్యి పెట్టి రాస్తూ, ఎవరెవరి పిల్లలు చేరుతున్నారో, వాళ్ళలో ఒక పాప ఇప్పటినుంచే పలక చంకన పెట్టుకుని ఎలా తిరుగుతోందో పంకజాక్షికి చెప్పింది.

పంకజాక్షి కాఫీ కలపడానికి లోపలికి పోయింది. డికాషన్ పోస్తుంటే అక్క ఇంటి అరుగు గుర్తొచ్చింది. సాయంత్రాలు అక్కడ కూర్చుని మల్లెమొగ్గలు కట్టుకోవడం ఎన్నిసార్లు ఊహించుకుందో. నోరు మెదపకుండా ఉంటే చాలు, ఆ అరుగు తనది. ఎవరూ తనను తప్పుపట్టరు. తెలియలేదంటే నమ్ముతారు కూడా. కాఫీ గ్లాసు తీసుకుని ఆమె నడవలోకి వచ్చేసరికి, జట్కావాడు మొదటి బెంచీ భుజాన వేసుకుని వెనక గది వైపు నడుస్తున్నాడు. వాడి వెనక భారతమ్మ, ఆమె వెనక మునిరత్నం.

పంకజాక్షి వాళ్ళను దాటుకుని పోయి గడపకు అడ్డంగా నిలబడింది. గ్లాసు అలాగే చేతిలో ఉంది.

"లోపలికి పోవద్దు టీచరమ్మా. దీని కింద బాయి ఉండాది."

జట్కావాడు ఆగాడు. భారతమ్మ ఆమె మొహం చూసింది, తర్వాత తిరిగి మునిరత్నం మొహం చూసింది. మునిరత్నం చిన్నగా నవ్వాడు. ఆడవాళ్ళకు పుట్టిపెరిగిన ఇల్లు వదలడం కష్టం, మెట్టిన ఇల్లు వదలడం ఇంకా కష్టం అన్నాడు. పొద్దున ఎవరో ముసలామె వచ్చి ఏవేవో చెప్పి దీని మనసు విరిచేసి పోయిందన్నాడు.

భారతమ్మ ఆ నవ్వుకు నవ్వలేదు. "అదంతా తర్వాతప్పా. బాయి ఉండిందా, లేదా?"

"ఉండింది. పాతిండ్లన్నిట్లో ఉండేవే. యెప్పుడో పూడ్సినాము. ఇప్పుడది రాయి."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

మునిరత్నం గది లోపలి కొత్త బీరువా చూపించాడు. భారతమ్మ దాన్ని ఒకసారి చూసింది. తర్వాత జట్కావాడి వైపు తిరిగి, బెంచీలు మళ్ళీ బండెక్కించమంది. అరవలేదు, నిందించలేదు. తడిసిన చెప్పులు వెతుక్కోవడానికి వంగింది.

పంకజాక్షి భర్త మొహం చూడగలిగింది ఆ క్షణంలోనే. ఎన్నో ఏళ్ళుగా కూడబెట్టుకున్న ధైర్యమంతా ఆ మొహంలోంచి కారిపోతోంది. ఆయన ఆమెను పక్కకు జరిపాడు. విసురుగా కాదు, మామూలుగా, దారికి అడ్డమున్న మనిషిని జరిపినట్టే.

"టీచరమ్మా, ఇట్లా సూడండి" అంటూ గడప దాటి లోపలికి నడిచాడు.

పంకజాక్షి గ్లాసు జారవిడిచి ఆయన చొక్కా అందుకోబోయింది. అందలేదు. ఆయన ఒక్కొక్క బండ మీద కావాలని బరువు మోపుతూ గది నడుమకు పోయి నిలబడ్డాడు. కొత్త సున్నం తెల్లదనంలో ఆయన ఒక్కడే నల్లగా కనబడ్డాడు. మడమ ఎత్తి బండ మీద గట్టిగా తొక్కాడు. ఏమీ కాలేదు. చూశారా అన్నట్టు భారతమ్మ వైపు చూసి, ఇంకోసారి తొక్కాడు.

కింద ఎక్కడో, పెద్ద బాన నీళ్ళల్లో మునిగేటప్పుడు మింగిన చప్పుడు లాంటిది వినిపించింది.

పచ్చిగా ఉన్న పూత మీద సన్నటి గీత ఒకటి నేల దగ్గర పుట్టి, బట్ట చిరుగుతున్నట్టు, మిద్దె దాకా పాకింది. బీరువా గోడ నుంచి విడిపోయి ముందుకు వంగింది. మునిరత్నం పాదాల కింది బండ ఒకవైపు మెల్లగా లోపలికి ఒరిగింది. ఒరిగిన సందులోంచి, ఎప్పటిదో మురిగిపోయిన బూడిద వాసన గుప్పున బయటికి కొట్టింది. మునిరత్నం పెదాల మీద నవ్వు ఇంకా చెరగలేదు. కళ్ళు మాత్రం మారిపోయాయి. ఒక కాలు ఎత్తితే రెండో కాలి మీద బరువు పడుతుందని ఆయనకు తెలిసిపోయింది. ఊపిరి కూడా గట్టిగా తీసుకోవడం లేదు.

"పంకజా" అన్నాడు, పక్కగదిలో నిద్రపోతున్న వాళ్ళు లేస్తారేమోనన్నంత మెల్లగా. "చెయ్యి అందియ్యి."

వెనక నుంచి భారతమ్మ ఆమె భుజం గట్టిగా పట్టుకుంది. "పోవద్దమ్మా, తాడు తెస్తాము, ఉండు" అంటోంది. జట్కావాడు తాడు కోసం వాకిట్లోకి పరిగెత్తాడు. అంతలో బండ ఇంకో వేలెడు దిగింది.

పంకజాక్షి భుజం మీది చెయ్యి విడిపించుకుంది. గడప దాటి మొదటి బండ మీద పాదం మోపింది. అరికాలి కింద రాయి వెచ్చగా లేదు, చల్లగా లేదు, ఊగుతోంది.